నాలుగు వాక్యాల సలహా

ఆసుపత్రి, కాలిన గాయాల వార్డు బయట బెంచీ
మార్చి 9

అన్నయ్యా,

ఫోను చేస్తే నీ గొంతు వినగానే ఏడుపొస్తుంది, అసలు సంగతి మిగిలిపోతుంది. అందుకే రాస్తున్నాను. కట్లు మార్చడానికి మీ బావని లోపలికి తీసుకెళ్లారు. గంట పడుతుందట.

చేతులు నిలుస్తాయన్నాడు డాక్టరు. కుడిచేతి వేళ్లు మాత్రం వంగవు. "సూది పట్టుకోగలనా డాక్టరుగారూ?" అని అడిగారు ఈయన. "ముందు గ్లాసు పట్టుకోవడం చూద్దాం" అన్నాడాయన. ఇరవై రెండేళ్లు పుస్తకాలు కుట్టిన మనిషికి చెప్పే మాటేనా అది?

నువ్వొచ్చిన రోజు ఇంటినిండా జనం. నీతో నాలుగు మాటలు మాట్లాడలేకపోయాను. జరిగింది ఇది. పట్టపగలు రెండూ నలభైకి కింద గోడౌనులో వైర్లు అంటుకున్నాయి. ముందు మెట్ల మీదుగా పొగ పైకి తన్నుకొచ్చింది. పైన మా బైండింగ్ షాపులో ముగ్గురు ఆడవాళ్లు కుడుతున్నారు, మీ బావ కటింగ్ మిషన్ దగ్గరున్నారు. నేను డెలివరీకి వెళ్లాను. ఎదురు దుకాణం వాళ్లు రెండూ నలభై మూడుకి ఫోను చేశారు. ఫైరింజన్ వచ్చింది మూడూ పదిహేడుకి. ముప్పై నాలుగు నిమిషాలు, అన్నయ్యా! మా సందు చివర ఫైర్ స్టేషన్ ఉండేది గుర్తుందా? పోయిన జూన్‌లో దాన్ని మూసేసి, రైలు గేటు అవతలున్న పెద్ద స్టేషన్లో కలిపేశారు. ఆ రోజు గేటు పడి ఉంది.

పెద్దక్క అని పిలిచేవాళ్లం, మా షాపు పెట్టినప్పటి నుంచీ ఉన్న మనిషి, పోయింది. మూడు నెలల కిందట చేరిన కొత్తమ్మాయి పోయింది. మూడో ఆమె కిటికీలోంచి దూకి కాలు విరగ్గొట్టుకుంది. వెనక ఇనపమెట్ల తలుపుకి తాళం ఉందని మీ బావ మీద కేసు పెట్టారు.

నిన్న పేపర్లో మంత్రిగారి మాట చదివాను. "నిపుణుల సలహా మేరకే స్టేషన్లను విలీనం చేశాం" అన్నాడు. నిరుడు మా ఇంటికొచ్చినప్పుడు "ఫైర్ స్టేషన్ల ఫైలు నా బల్ల మీదే ఉందే" అన్నావు. ఆ నిపుణుడివి నువ్వేనా? అసలేం రాశావు? మా లాయరు అడుగుతున్నాడు. నేనూ అడుగుతున్నాను.

నీ చెల్లి


ప్రభుత్వ క్వార్టర్స్, మూడో అంతస్తు
మార్చి 20

చిట్టీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మూడోసారి మీ వదిన లాక్కుని చదివి, అన్నం తినకుండా లేచిపోయింది.

బావగారి చేతుల కోసం ఇక్కడొక సర్జన్‌తో మాట్లాడాను. వేళ్ల నరాలకి ఆపరేషన్ చేస్తాడు, మంచి పేరుంది. వచ్చే నెల తీసుకురా. మా ఇంట్లోనే ఉందురుగాని.

నువ్వడిగిన దానికి జవాబు చెప్పలేను. కోపం తెచ్చుకోకు. మంత్రికి ఇచ్చే సలహా ఇద్దరు మనుషుల మధ్య ఉండాల్సిన మాట. "అయ్యా, మీరు చేస్తున్నది తప్పు" అని ఎవరైనా మొహం మీద చెప్పాలంటే, ఆ మాట రేపు వీధిలో వినబడదని వాడికి భరోసా ఉండాలి. అది లేకపోతే అందరూ "చిత్తం చిత్తం" అంటారు. పాతికేళ్ల నుంచి కొత్తగా చేరిన వాళ్లకి నేను చెప్పే మొదటి పాఠం అదే. నా సొంత చెల్లెలి కోసం దాన్ని పక్కన పెట్టేస్తే, ఇన్నేళ్లు నేను చెప్పిందంతా ఉత్తదే అవుతుంది.

ఒక్కటి మాత్రం నమ్ము. నేను చెడ్డ సలహా ఇవ్వలేదు. అంతకుమించి నన్ను అడక్కు.

అన్నయ్య


కాలిన షాపు ఎదురుగా, టీ దుకాణం
మే 2

అన్నయ్యా,

ఆపరేషన్ చేయించినందుకు నీకూ వదినకూ రుణపడి ఉంటాం. మీ బావ ఇప్పుడు చెంచా పట్టుకుంటున్నారు. నిన్న చెంచాతో సెల్యూట్ కొట్టి నవ్వించారు.

మీ ఇంట్లో ఉన్న పన్నెండు రోజులూ నేనేమీ అడగలేదు. నువ్వూ చెప్పలేదు. భోజనాల దగ్గర వాతావరణం గురించి ఎంత బాగా మాట్లాడుకున్నామో! పరాయివాళ్లు కూడా అంత మర్యాదగా ఉండరు.

ఏప్రిల్లోనే సమాచార చట్టం కింద దరఖాస్తు పెట్టాను. స్టేషన్ల విలీనం మీద మీ విభాగం ఇచ్చిన నోటు కావాలన్నాను. మీ ఇంటి నుంచి తిరిగొచ్చేసరికి జవాబు గుమ్మంలో ఉంది. "కోరిన పత్రం అంతరంగిక విధాన సలహా అయినందున ఇవ్వడం సాధ్యపడదు. ఇటువంటి పత్రాల వెల్లడి వల్ల భవిష్యత్తులో నిష్పాక్షిక సలహాకు భంగం వాటిల్లగలదు." కింద ఎవరో సమాచారాధికారి సంతకం.

"వాటిల్లగలదు" అన్న మాట దగ్గర ఆగిపోయాను. మన చిన్నప్పుడు నువ్వు నాన్నకి సెలవు చీటీలు రాసిపెట్టేవాడివి. "జ్వరము వలన నా హాజరుకు భంగం వాటిల్లినది" అని. లోకంలో ఆ మాట వాడేవాడు నువ్వొక్కడివే.

నీ పక్కగదిలో నేను పడుకుని ఉండగానే నువ్వీ జవాబు దిద్దావా?


ప్రభుత్వ క్వార్టర్స్
మే 15

చిట్టీ,

దిద్దాను. నీ దరఖాస్తు అని తెలిసే దిద్దాను. పక్కకి తప్పుకోవాల్సింది, తప్పుకోలేదు. వేరేవాళ్ల చేతికిస్తే ఇంకా మొరటుగా రాస్తారనుకున్నాను. అది సాకు అని నాకూ తెలుసు.

కానీ నేనేదో దాక్కోవడానికి ఆ నియమం పట్టుకు వేలాడుతున్నానని అనుకోకు. నేను ఉద్యోగంలో చేరినప్పుడు మాకొక పెద్దాయన ఉండేవాడు. ఒక వంతెన పనికిరాదని ఉన్నదున్నట్టు నోటు రాశాడు. అది పేపర్లకెక్కింది. కాంట్రాక్టరు మనుషులు ఆయన ఇంటి ముందు కూర్చున్నారు. నెల తిరక్కుండా ఆయన్ని పాత రికార్డుల గదికి మార్చారు. ఆ తర్వాత ఆ విభాగంలో పదేళ్లపాటు ఏ వంతెన మీదా ఎవరూ ఒక్క ఘాటైన వాక్యం రాయలేదు. గదికి తలుపు ఉండాలనేది ఇందుకే. నాలాంటి వాళ్లు తలుపు చాటున నిజం చెప్పగలిగితే, మీలాంటి వాళ్లకి బయట మేలు జరుగుతుంది. నేను నమ్మింది ఇదే.

ఇప్పుడు నేనొకటి అడుగుతాను. నీ మొదటి ఉత్తరంలో ఆ తాళం గురించి ఒక్క వాక్యం రాసి దాటేశావు. మా ఇంట్లో ఉన్నప్పుడు మీ వదిన ఆ మాటెత్తితే లేచి నీళ్ల గ్లాసులు కడగడానికి వెళ్లావు. బావగారు పోలీసులకి "నేనే వేశాను" అని చెప్పారట. రోజంతా లోపలుండే మనిషి ఆ తలుపుకి తాళం ఎందుకు వేసుకుంటాడు?

అన్నయ్య


మా ఇల్లు
సెప్టెంబరు 28

గౌరవనీయులైన సలహాదారు గారికి,

మీ చెల్లెలు వ్రాయు విజ్ఞప్తి.

నాలుగు నెలలు నీకు రాయలేదు. అప్పీలుతోనే సరిపోయింది. మొన్న సమాచార కమిషన్ ముందు విచారణ జరిగింది. కమిషనరు ఒక పెద్దావిడ, కళ్లజోడు మెళ్లో వేలాడేసుకుని కూర్చుంది. మీ ఆఫీసు లాయరు లేచి నువ్వు నాకు రాసినవన్నీ వరసగా అప్పజెప్పాడు. తలుపు, భరోసా, నిష్పాక్షికం.

ఆవిడ అంతా విని, "మంత్రిగారు బయటికొచ్చి నిపుణుల సలహా మేరకే అన్నారు కదా. సలహా పేరు వాడుకోవచ్చు గానీ సలహా చూపించకూడదంటారా?" అంది.

"అది విధానపరమైన..." అని మొదలుపెట్టాడాయన.

"నిర్ణయం అయిపోయింది. మనుషులు చచ్చిపోయారు. ఇంకా ఏ విధానం మిగిలిందండీ?" అని, నావైపు తిరిగి, "పది రోజుల్లో మీ చేతికొస్తుందమ్మా" అంది.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఇన్నాళ్లకి నా తరఫున ఒక మనిషి మాట్లాడింది. నీ మీద కూడా ఆ రోజు జాలేసింది. లోపల నువ్వేదో గట్టిగా రాసే ఉంటావు, బయటికి చెప్పలేక నలిగిపోతున్నావు, ఆ కాగితం వస్తే నా అన్నయ్య కూడా బయటపడతాడు అనుకున్నాను. మీ బావతో అదే అన్నాను.

ఇవాళ వచ్చింది. రాసినవాడికి తిరిగి వినిపిస్తున్నాను:

"ప్రతిపాదనను పరిశీలించడమైనది. రెండు కేంద్రాల విలీనం పరిపాలనాపరంగా సౌలభ్యకరము. స్పందన సమయముపై ఆరు నెలల అనంతరం సమీక్షించవచ్చును. ఆమోదానికి అభ్యంతరం లేదు."

నాలుగు వాక్యాలు. కింద నీ సంతకం, చక్కగా, తోకతో సహా. కవరులో ఇంకేమైనా ఉందేమోనని తలకిందులు చేసి దులిపాను.

అభ్యంతరం లేదా? ఈ నాలుగు ముక్కల్ని దాచడానికా అంత పెద్ద తలుపు? చెడ్డ సలహా ఇవ్వలేదన్నావు. నిజమే, నువ్వు ఏ సలహా ఇవ్వలేదు. మా లాయరు చదివి కాగితం మడిచి నా చేతిలో పెట్టాడు. "ఇది కోర్టులో పెడితే మనకే నష్టం. ప్రభుత్వం నిపుణుణ్ణి అడిగింది, ఆయన సరేనన్నాడు, అంతే కదా" అన్నాడు.

మీ బావ చదివి, కాగితం తిప్పి వెనకవైపు కూడా చూశారు. అదే భరించలేకుండా ఉన్నాను.


ప్రభుత్వ క్వార్టర్స్
అక్టోబరు 6

చిట్టీ,

ఇక దాచేదేమీ లేదు. విను.

ముందు నేను తొమ్మిది పేజీలు రాశాను. రైలు గేటు రోజుకి ఎన్నిసార్లు పడుతుందో రెండు వారాలు మనిషిని కూర్చోబెట్టి లెక్క తీయించాను. మీ సందులో కాగితం, గుడ్డ, జిగురు పెట్టుకున్న షాపులు ఎన్నో రాశాను. "ఈ స్టేషన్ మూస్తే పగటిపూట ఇంజన్ రావడానికి అరగంట దాటుతుంది. ప్రాణనష్టం జరుగుతుంది" అని రాశాను. జరగవచ్చు అని కాదు, జరుగుతుంది అని.

తీసుకెళ్లి కార్యదర్శికి ఇచ్చాను. ఆయన చదివి, తలుపు వేయమన్నాడు.

"అద్భుతంగా రాశారండీ. కానీ ఇప్పుడు సమాచార చట్టం వచ్చాక ఏ కాగితం ఎప్పుడు బయటికి పోతుందో ఎవరికి తెలుసు? రేపు ఎక్కడో చిన్న మంట లేస్తే దీన్ని పట్టుకుని మంత్రిగారి మెడకి చుడతారు. ఇదంతా నోటితో చెప్పండి, వింటారు. కాగితం మీద మాత్రం క్లుప్తంగా ఉంచండి."

"నోటితో చెబితే గట్టిగా చెప్పొచ్చా?" అని అడిగాను.

"ఎంత గట్టిగానైనా" అన్నాడు.

నాకది గెలుపు అనిపించింది, చిట్టీ. అదీ నా తెలివి! ఇక రాతకోతల బాధ లేకుండా మొహం మీదే చెప్పొచ్చు అనుకున్నాను. చెప్పాను కూడా. మంత్రి గదిలో పావుగంట నిలబడి, తొమ్మిది పేజీలూ అప్పజెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. "చాలా మంచి పాయింట్లు" అన్నాడు. టీ ఇప్పించాడు. వారం తిరక్కుండా స్టేషన్ మూసేశారు. నా నాలుగు వాక్యాలు ఫైల్లోకి వెళ్లాయి. తొమ్మిది పేజీల్ని నేనే, ఈ చేతులతోనే, కాగితాలు ముక్కలు చేసే మిషన్లో వేశాను. కంప్యూటర్లో కూడా ఉంచలేదు. పద్ధతి తెలిసిన మనిషిని కదా.

తలుపు మూసి ఉంటేనే నిజం చెప్పగలం అన్నాను. చెప్పాను. ఆ నిజం గోడలకి కూడా అంటలేదు. నీ చట్టానికి భయపడి కాగితం మీద అబద్ధం రాశాను, నా నియమాన్ని నమ్మి నిజాన్ని గాలికి వదిలాను. రెండువైపులా చెడ్డాను.

కోర్టుకొచ్చి ఇదంతా చెబుతాను. మీ లాయరుకి చెప్పు. మీ వదిన "రిటైర్‌మెంటుకి నాలుగేళ్లు ఉండగా ఇప్పుడా నీకు నోరు లేచేది?" అంది. ఆ తర్వాత చొక్కా ఇస్త్రీ చేసి కుర్చీ మీద పెట్టింది.

అన్నయ్య


మా ఇల్లు
అక్టోబరు 14

అన్నయ్యా,

నీ ఉత్తరం మీ బావకి చదివి వినిపించాను. "పాపం" అన్నారు. ఎవర్ని అన్నారో నేను అడగలేదు.

నువ్వు ఉన్నదంతా చెప్పాక నేను దాచుకుని కూర్చోవడం బాగాలేదు. మేలో నువ్వడిగిన దానికి ఇప్పుడు జవాబు రాస్తున్నాను.

తాళం వేసింది నేను.

ఆ వారం పని మీద పడి ఉంది. ఆ ముగ్గురూ గంటకోసారి వెనక ఇనపమెట్ల మీదకెళ్లి కబుర్లలో పడుతున్నారు. గాలి తగిలితే ప్రాణం లేచొస్తుందమ్మా అనేది పెద్దక్క. నాకు చిరాకొచ్చింది. రెండు గంటలకి డెలివరీకి బయల్దేరుతూ, "నేనొచ్చాక తీస్తాను, అప్పటిదాకా కుర్చీలోంచి లేవకండి" అని తాళం వేసి, తాళంచెవి బ్యాగులో పడేసుకున్నాను. మీ బావ చూశారు. "ఎందుకే?" అన్నారు. "మీరు ఊరుకోండి" అన్నాను.

ఆయన చేతులు కాలింది మంటలో కాదు. ఆ ఇనప తలుపు పట్టుకుని లాగి లాగి కాలాయి. నేను తిరిగొచ్చేసరికి సందు నిండా జనం. బ్యాగులో తాళంచెవి చేతికి తగిలింది. అంబులెన్సులో ఆయన నా చెవిలో అన్న మొదటి మాట "తాళం నేను వేశాను, తెలిసిందా?" అని.

ఎనిమిది నెలల నుంచి ఆఫీసులన్నీ తిరిగి, మీరేం దాస్తున్నారో చెప్పండని అందర్నీ నిలదీశాను. ఇంట్లో మాత్రం ఇది.

కోర్టులో నీ సంగతి నువ్వు చెప్పు. ఇది మాత్రం నీకూ నాకూ మధ్యే ఉండాలి. చదవగానే చించెయ్యి. నేను కూడా జైలుకి పోతే ఆయనకి అన్నం కలిపి పెట్టే చెయ్యి ఉండదు.

నీ చెల్లి


ప్రభుత్వ క్వార్టర్స్
డిసెంబరు 3

చిట్టీ,

కోర్టు హాల్లో నువ్వు వెనక బెంచీలో ఉన్నావు గనక నీకు సగం వినబడి ఉండదు. ఇక్కడ రాస్తాను.

నేను చెప్పిందంతా జడ్జి రాసుకున్నాడు. ప్రభుత్వ లాయరు కుర్రవాడే, నవ్వుతూ లేచాడు.

"ఈ సంతకం మీదేనా?"

"నాదే."

"ఆమోదానికి అభ్యంతరం లేదు అని రాసింది మీరేనా?"

"నేనే."

"ఇప్పుడు ప్రాణనష్టం జరుగుతుందని చెప్పానంటున్నారు. అప్పుడు రాసింది అబద్ధమా, ఇప్పుడు చెప్పేది అబద్ధమా? ముద్దాయి మీ చెల్లెలి భర్త అని కోర్టువారికి గుర్తు చేయనా?"

అప్పుడు రాసిందే అబద్ధం అన్నాను. "అయితే మీరు అబద్ధాలు రాసే అధికారి అన్నమాట" అన్నాడు. హాల్లో నవ్వారు. తర్వాత కార్యదర్శి వచ్చాడు. అటువంటి సంభాషణ తనకి గుర్తు లేదన్నాడు. మర్యాదగా, నావైపు చూస్తూనే అన్నాడు. మంత్రికి సమన్లు ఇవ్వాలని మీ లాయరు అడిగితే, కాగితం ఆధారం లేదని కొట్టేశారు.

నువ్వు తప్పక వినాల్సింది చివరి ప్రశ్న. "వెనక తలుపు తాళం విషయం మీకు ఇంకేమైనా తెలుసా?" అన్నాడు. ప్రమాణం చేసి నిలబడ్డాను. నిజం చెప్పడానికే అంత దూరం వచ్చాను. రెండో బెంచీలో పెద్దక్క కూతురు నోట్‌బుక్కులో ఏదో రాసుకుంటూ తలెత్తి నావైపు చూసింది.

"తెలియదు" అన్నాను.

నీ ఉత్తరం చించేశాను. రహస్యాలు బయటపెట్టినందుకు నన్ను సస్పెండ్ చేస్తూ కాగితం నిన్ననే వచ్చింది. అది మాత్రం తొమ్మిది పేజీలకి తక్కువ లేదు, ఎవరో శ్రద్ధగా రాశారు.

అన్నయ్య


మా ఇల్లు
జనవరి 22

అన్నయ్యా,

తీర్పు వచ్చింది. ఏడాదిన్నర జైలు. స్టేషన్ మూయడానికీ చావులకీ సంబంధం ఉందనడానికి రాతపూర్వకమైన ఆధారం ఏదీ లేదని చదివారు. మీ బావ జడ్జికి నమస్కారం పెట్టబోయారు, వేళ్లు కలవలేదు. వెళ్లేటప్పుడు నాతో "పుల్ల విరిచినట్టు మాట్లాడకు ఎవరితోనూ, మన పని మనం చూసుకుందాం" అన్నారు. నోరు విప్పొద్దని అర్థం.

నిన్న మధ్యాహ్నం పెద్దక్క కూతురు వచ్చింది. వాళ్లమ్మ చెప్పులు షాపు మెట్ల కింద దొరికాయని దాచి ఉంచాను, అవి తీసుకోవడానికి. కూర్చోమన్నాను. కూర్చోలేదు. "ఆంటీ, మీ ఆయన అబద్ధం చెబుతున్నాడు. లోపలున్న మనిషి దగ్గర తాళంచెవి ఉంటే తీసేవాడు కదా? మా అమ్మ ముప్పై నాలుగు నిమిషాలు ఆ తలుపు దగ్గరే ఉంది. తాళంచెవి ఎవరి దగ్గరుంది?" అంది.

ఆ పిల్ల కంఠంలో కోపం లేదు. నేను కమిషన్ ముందు అడిగినట్టే అడిగింది.

చెప్పేశాను. బ్యాగు, డెలివరీ, కుర్చీలోంచి లేవకండి అన్న మాట, అన్నీ. ఆ పిల్ల చెప్పులు గుండెకి పట్టుకుని వింది. తిడుతుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను. నోట్‌బుక్కులోంచి ఒక కాగితం చింపి బల్ల మీద పెట్టి, పెన్ను తీసి ఇచ్చింది.

"రాసివ్వండి" అంది. "నోటితో చెబితే రేపు ఎవరికీ గుర్తుండదు."

పేజీన్నర రాశాను. సంతకం పెట్టాను, తారీఖు వేశాను. ఆమె రెండుసార్లు చదువుకుని, మడిచి, మెట్లు దిగి వెళ్లిపోయింది. పోలీసుల దగ్గరికి వెళుతుందో, ఇంటికి వెళుతుందో తెలియదు. ఈ ఉత్తరం నీకు చేరేసరికి తేలిపోతుంది.

నువ్వు భయపడకు. నీకు అక్టోబరులోనే చెప్పానన్న సంగతి మాత్రం రాయలేదు.

నీ చెల్లి